పాప బాగానే ఉంది, రిపోర్టు మాత్రం 'సీ3 ఎక్కువ' అంటోంది: ఇప్పుడేం చేయాలి?

రాజాం ప్రాంతం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 24 ఏళ్లు, డిగ్రీ చదివారు, ఇది తొలి కాన్పు. నెలలు నిండాక విజయనగరంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో మామూలు కాన్పే అయింది. మూడో రోజున పాప మడమ మీద సూదితో గుచ్చి, వలయాలు గీసి ఉన్న ఒక అట్ట మీద రక్తపు చుక్కలు పట్టి హైదరాబాద్‌లోని ల్యాబుకు పంపారు. "అందరికీ చేసేదే, సంతకం పెట్టండి" అన్నారు తప్ప అదేమి పరీక్షో ఎవరూ చెప్పలేదు. పన్నెండో రోజున ఫోను వచ్చింది. రక్తంలో సీ3 అనే పదార్థం ఎక్కువగా ఉందని, సీ3, సీ2ల నిష్పత్తి కూడా ఎక్కువేనని, 'ప్రొపియోనిక్ అసిడీమియా లేదా మిథైల్‌మలోనిక్ అసిడీమియా అనుమానం' అని రిపోర్టులో రాశారని, మళ్లీ రక్తం, మూత్రం ఇవ్వాలని చెప్పారు.

ఆమె ఇప్పుడు చీపురుపల్లి దగ్గర పుట్టింట్లో ఉన్నారు. పాప పాలు బాగానే తాగుతోంది, ఏడుస్తోంది, నిద్రపోతోంది. భర్త ఆమెకు మేనబావ, అంటే అత్తగారు సొంత మేనత్తే. "పాలు తాగి నిద్రపోయే బిడ్డకు రోగమేమిటి, ఇదంతా డబ్బు గుంజే పని" అని అత్తగారు మళ్లీ పరీక్షకు ఒప్పుకోవడం లేదు. భర్త పక్కకు పిలిచి "నీ ఇష్టం" అంటారు గాని తల్లి ఎదుట నోరు విప్పరు. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన రిపోర్టు చూసి "బిడ్డకు తల్లిపాలే పడటం లేదు, డబ్బాపాలు పట్టండి" అన్నారట. భర్త అక్కను, అంటే ఆమె వదినను, సొంత మేనమామకే ఇచ్చి చేశారు. ఆరేళ్ల క్రితం వారికి పుట్టిన బాబు తొమ్మిదో రోజున చనిపోయాడు. బాలగ్రహం అన్నారు, అంతటితో ఆ మాట ఇంట్లో మళ్లీ ఎత్తలేదు. ఈ రిపోర్టు నిజమేనా, నిజమైతే మేనరికం వల్లే వచ్చిందా, అత్తగారికి తెలియకుండా పరీక్ష చేయించడం తప్పా అన్నవి ఆమె అడిగిన మూడు ప్రశ్నలు. ఉత్తరం చివర, సంబంధం లేదనుకుంటూనే, ఇంకొక మాట రాశారు. పెళ్లయిన నాలుగేళ్లుగా అత్తవారింటి పద్ధతి ప్రకారం నీసు ముట్టడం లేదని, ఏడో నెల నుంచి పాదాల్లో తిమ్మిర్లు, నాలుక మంట ఉన్నాయని, ఇప్పుడు బాలింత పథ్యమని పాలూ పెరుగూ కూడా పెట్టడం లేదని.

అమ్మా, మీ ఉత్తరం చదివిన సాయంత్రమే మీరిచ్చిన నంబరుకు ఫోను చేసి రెండే మాటలు చెప్పాను. పాలు మాన్పించవద్దని, మర్నాడు తెల్లవారగానే పాపను పిల్లల డాక్టరుకు చూపించమని. మీరు చూపించారు. పాప చురుగ్గా ఉందని, ఊపిరి మామూలుగా ఉందని, బరువు పెరుగుతోందని డాక్టరు చెప్పారని మీరు మళ్లీ ఫోను చేసినప్పుడు నా గుండె కుదుటపడింది. అయితే ఆ డాక్టరు రాసిచ్చిన పరీక్షల చీటీ ఇంకా మీ ఇంట్లో గూట్లోనే ఉందని కూడా మీరు చెప్పారు. ఆ చీటీ గురించే, మీ అనుమతితో, ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇదే పరిస్థితిలో ఉన్న మరికొందరు తల్లులకు కూడా ఇది అవసరపడవచ్చు.

మొదట ఆ యంత్రం మీ పాప రక్తంలో ఏం చూసిందో చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో వాదన అంతా అది తెలియకపోవడం వల్ల పుట్టింది. రక్తపు చుక్కలు ఆరిన ఆ అట్ట ల్యాబుకు చేరాక, ఒక్కో మరక నుంచి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పున్న చిన్న బిళ్లను కత్తిరించి తీస్తారు. దానిలో ఉండే రక్తం సుమారు 3 మైక్రోలీటర్లు, అంటే ఒక చుక్కలో పదో వంతు కూడా ఉండదు. "పసిగుడ్డు రక్తమంతా తోడేస్తారు" అన్న మీ అత్తగారి భయానికి ఇది జవాబు. ఆ బిళ్లను మిథనాల్‌లో నానబెట్టి, అందులో పరిమాణం ముందే తెలిసిన, కొంచెం బరువెక్కువగా తయారుచేసిన అణువులను తూనికరాళ్లలా కలుపుతారు. తర్వాత ఆ ద్రవాన్ని సన్నని తుంపరగా చేసి, విద్యుదావేశం ఎక్కించి, టాండమ్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. అది మొదట అణువులను బరువును బట్టి వేరుచేస్తుంది, ఆ తర్వాత వాటిని వాయువుతో ఢీకొట్టించి విరగ్గొడుతుంది, ఆ ముక్కలను మళ్లీ తూస్తుంది. మీ రిపోర్టులో సీ2, సీ3, సీ16 అని కనిపించేవన్నీ ఎసైల్‌కార్నిటిన్లు అనే ఒకే కుటుంబానికి చెందినవి. అవి విరిగినప్పుడు అన్నింటిలోనూ 85 బరువున్న ఒకే రకం ముక్క ఊడిపడుతుంది కాబట్టి, ఆ గుర్తు పట్టుకుని యంత్రం వాటన్నింటినీ ఒక్కసారే ఏరి లెక్కపెడుతుంది. ఒక శిశువు నమూనాకు పట్టే సమయం దాదాపు రెండు నిమిషాలు.

1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గుత్రీ అనే వైద్యుడు శిశువు మడమ నుంచి తీసిన చుక్కను కాగితం మీద ఆరబెట్టి పరీక్షించే పద్ధతిని తెచ్చినప్పుడు, ఒక పరీక్షకు ఒక జబ్బే తెలిసేది. 1990లలో ఈ యంత్రాలు ఆ పనిలోకి వచ్చాక ఒకే బిళ్లతో పదుల సంఖ్యలో జబ్బుల జాడ చూడగలుగుతున్నారు. మన దగ్గర ఇది అక్కర్లేని పరీక్ష అనుకోవడానికి కూడా వీల్లేదు. హైదరాబాద్‌లో 18,300 మంది నవజాత శిశువులను రకరకాల పద్ధతుల్లో పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనం, ఇలాంటి పుట్టు జీవక్రియ లోపాలు దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఉన్నాయని చెప్పింది.

ఇంత చెప్పినా, ఆ యంత్రం చేసేది తూకమే. సీ3 ఇంత ఉంది అని చెబుతుంది, ఎందుకుంది అన్నది దానికి తెలియదు. మీ రిపోర్టులో 'అనుమానం' అన్న మాట ఉన్నది అందుకే, ఆ మాటను మీరు 'జబ్బు ఉంది' అని చదువుకున్నారు, మీ అత్తగారు 'ఏమీ లేదు' అని చదువుకున్నారు. రెండూ తొందరపాటే.

సీ3 ఎందుకు పెరుగుతుందో మన చెరువు లెక్కలో చెబుతాను. మనం తినే, బిడ్డ తాగే మాంసకృత్తుల్లో కొన్ని భాగాలు, కొన్ని కొవ్వులు ఒంట్లో అరిగి ప్రొపియోనేట్‌గా మారి, రెండు మదుముల, అంటే తూముల, గుండా కిందికి పారి శక్తిగా మారాలి. మొదటి మదుము తలుపు పుట్టుకతోనే విరిగి ఉంటే అది ప్రొపియోనిక్ అసిడీమియా. రెండో మదుము తలుపు విరిగి ఉంటే మిథైల్‌మలోనిక్ అసిడీమియా. తలుపులు రెండూ బాగానే ఉండి, రెండో మదుము తలుపు ఎత్తే మనిషే పనికి రాకపోతే? ఆ మనిషి పేరు బీ12 విటమిన్. మూడింటిలో ఏది జరిగినా నీరు పైన నిలిచిపోతుంది. అలా నిలిచి గట్టు మీదుగా పొర్లిన నీరే మీ రిపోర్టులోని సీ3. పొర్లిన నీటిని చూసి ఎక్కడ అడ్డుపడిందో చెప్పలేం, దిగి చూడాలి.

ఇప్పుడు మీరు సంబంధం లేదనుకుని చివర రాసిన మాటకు వస్తాను. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. బీ12 చేపలో, మాంసంలో, గుడ్డులో, కొంతవరకు పాలు పెరుగుల్లో ఉంటుంది. బియ్యంలో, పప్పులో, ఆకుకూరలో, చోడి అంబలిలో దాని కోసం వెతకడం వృథా. మన కాలేయంలో దాని నిల్వ కొన్నేళ్లు వస్తుంది కాబట్టి తిండి మారిన వెంటనే లోపం బయటపడదు. నాలుగేళ్లుగా నీసు లేకపోవడం, ఏడో నెలలో పాదాల తిమ్మిర్లు, నాలుక మంట, ఇప్పుడు చలవ చేస్తాయని పాలూ పెరుగూ కూడా మాన్పించిన పథ్యం, ఇవన్నీ ఒక వరుసలో పెట్టి చూస్తే మీకే బీ12 తక్కువగా ఉండి ఉండవచ్చన్న అనుమానం నాకు బలంగా కలుగుతోంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ మాత్రలు 180 రోజులూ వేసుకున్నానని రాశారు, చాలా మంచి పని చేశారు. అయితే వాటిలో ఉండేది ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రమే, బీ12 కాదు. పైగా ఫోలిక్ ఆమ్లం వల్ల రక్తం కొంత మెరుగ్గా కనిపించి, బీ12 లోపం చాటున దాగిపోవడం కూడా ఉంది. పాప పుట్టినప్పుడు ఒంట్లో తెచ్చుకున్న బీ12 అంతా మీ దగ్గర నుంచి వచ్చిందే, ఇప్పుడు పాలలో అందేదీ మీదే. తల్లికి బీ12 లోపం ఉన్న బిడ్డలకు ఈ పరీక్షలో సీ3 పెరిగి కనిపించడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి.

దీన్ని చదివి మీ ఇంట్లో ఎవరైనా "చూశావా, విటమినే కదా, వదిలెయ్" అంటారేమో, అక్కడే నేను గట్టిగా అడ్డుపడతాను. మొదటి సంగతి, ఇది నా అనుమానమే. మీకు లోపం ఉండి, పాపకు తలుపు కూడా విరిగి ఉండటం అసాధ్యమేమీ కాదు, పాప ముఖం చూసి ఎవరూ తేడా చెప్పలేరు. రెండోది, విటమిన్ లోపమే అయినా అది చిన్న విషయం కాదు. తల్లిపాలు మాత్రమే తాగుతూ బీ12 అందని బిడ్డలు నాలుగైదు నెలల దాకా బొద్దుగానే ఉంటారు. తర్వాత నవ్వడం తగ్గిపోతుంది, నిలిపిన మెడ వాలిపోతుంది, ఒళ్లు పాలిపోతుంది, కొందరికి చేతులూ తలా వణకడం మొదలవుతుంది. ఆ దశలో బిడ్డను తీసుకొచ్చిన తల్లులను నేను చూశాను. ఇంజెక్షన్లతో చాలామంది కోలుకుంటారు, కాని మెదడు ఎదిగే నెలల్లో పోయిన కాలమంతా తిరిగి వస్తుందన్న హామీ లేదు. మీకు ఆ జాడ పన్నెండో రోజునే దొరికింది.

ఇక మీ ముందున్న దారులు. వేచి చూడటం మొదటిది, మీ అత్తగారు కోరుతున్నది అదే. పాప బాగా ఉందన్నది నిజమే, ఈ రెండు జబ్బుల తీవ్ర రూపాలు చాలాసార్లు మొదటి రెండు వారాల్లోనే బయటపడతాయి కాబట్టి అది కొంత ఊరట కూడా. కాని వీటిలో నెమ్మదైన రకాలున్నాయి. అవి నెలల తరబడి కిమ్మనకుండా ఉండి, బిడ్డకు తొలిసారి జ్వరమో, వాంతులో, విరేచనాలో పట్టుకుని పాలు తాగని రోజున ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అప్పుడు రక్తంలో ఆమ్లం, అమ్మోనియా పెరిగి, బిడ్డ మగతలోకి జారుకుంటుంది. అప్పుడు చూసే డాక్టరుకు ఈ రిపోర్టు సంగతి తెలియకపోతే, రక్తంలో ఇన్ఫెక్షన్ అనుకుని ఆ వైద్యమే చేస్తారు.

నేను అలా చేసినదాన్నే కాబట్టి ఇది చెబుతున్నాను. పాతికేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి ఆరు రోజుల బాబును తీసుకొచ్చారు. పాలు పట్టడం మానేశాడు, ఊపిరి లోతుగా, వేగంగా తీస్తున్నాడు, పిలిస్తే కళ్లు తెరవడం లేదు. యాంటీబయాటిక్ ఇచ్చాం. అమ్మోనియా చూడాలన్న ఆలోచన నాకు రాలేదు, వచ్చినా చూసే సదుపాయం అక్కడ లేదు. ఎనిమిదో రోజున పోయాడు. అంతకు ముందు బిడ్డ కూడా ఇలాగే పోయిందని ఆ తల్లి చెప్పినప్పుడు, ఆ మాటను నేను కేసు షీటులో ఒక వరుసగా రాసుకున్నానే తప్ప అందులో ఉన్న ప్రశ్నను వినలేదు. మీ వదినగారి బాబు సంగతి మీ ఉత్తరంలో చదవగానే నాకు ఆ వరుసే కళ్లముందు కదిలింది.

పరీక్షలేవీ లేకుండా మీకూ పాపకూ బీ12 ఇంజెక్షన్లు వేయించేయడం రెండో దారి. ఖర్చు తక్కువ, బీ12 వల్ల హాని జరగడం చాలా అరుదు. కాని ముందుగా రక్తం తీయకుండా ఇంజెక్షన్ వేస్తే, ఆ తర్వాత రక్తంలో బీ12 బాగానే కనిపిస్తుంది, సీ3 కూడా దిగిపోవచ్చు. అప్పుడు అసలు కారణం మీ ఆహారమా, పాప జన్యువా అన్న ప్రశ్నకు జవాబు దొరక్కుండా పోతుంది. బీ12 ఇస్తే కొంత మెరుగుపడే మిథైల్‌మలోనిక్ అసిడీమియా రకాలు కూడా ఉన్నాయి కాబట్టి, పాప బాగుపడినంత మాత్రాన జన్యు లోపం లేదని అనుకోవడానికి లేదు. అందుకని ముందు రక్తం, తర్వాతే ఇంజెక్షన్. రెండూ ఒకే పూటలో అయిపోతాయి, రోజుల తరబడి ఆగనక్కర్లేదు.

మీ డాక్టరు చీటీలో రాసింది మూడో దారి, నా మొగ్గు కూడా దాని వైపే. విజయనగరంలో ఒకే ఉదయం మూడు నమూనాలు ఇవ్వవచ్చు. పాప మడమ నుంచి కొత్త అట్ట మీద చుక్కలు, పాప మూత్రం, మీ రక్తం. అట్ట మీద చుక్క పట్టేటప్పుడు మీరు దగ్గర నిలబడి చూడండి. మడమ మధ్యలో కాకుండా పక్క భాగంలో గుచ్చాలి, మొదటి చుక్కను తుడిచేయాలి, ఆ తర్వాత పెద్ద చుక్క ఊరనిచ్చి అట్టకు ఒక్కసారే తాకించాలి, రక్తం వెనక వైపుకూ ఇంకి వలయం నిండాలి. ఒకే వలయంలో చుక్క మీద చుక్క వేసినా, మడమను గట్టిగా పిండినా లెక్క తప్పుతుంది. తర్వాత ఆ అట్టను దేనికీ తగలకుండా, బల్లపరుపుగా, ఎండ తగలని చోట మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. మన ఉక్కపోతలో తడి ఆరకుండానే కవర్లో పెట్టేసి పంపితే ఆ నమూనా చెడిపోతుంది. ఆరిందో లేదో అడగడానికి మొహమాటపడకండి. మూత్రాన్ని కూడా ఇలాంటి కాగితం మీదే ఆరబెట్టి పంపవచ్చు. దానిలో సేంద్రియ ఆమ్లాలను చూసే పరీక్ష మదుము దగ్గరకు దిగి చూడటం లాంటిది. మిథైల్‌మలోనిక్ ఆమ్లం బాగా ఎక్కువగా కనిపిస్తే చూపు రెండో మదుము వైపు మళ్లుతుంది, అది లేకుండా మిథైల్‌సిట్రేట్, ప్రొపియోనైల్‌గ్లైసిన్ వంటివి కనిపిస్తే మొదటి మదుము వైపు మళ్లుతుంది. మీ రక్తంలో బీ12నూ, బీ12 తగ్గినప్పుడు పెరిగే హోమోసిస్టీన్‌నూ చూస్తే మీ సంగతి తేలుతుంది. ఈ మూడూ కలిపి చదివితేనే అర్థం, ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు.

ఈ దారిలో ఉన్న కష్టం, ఫలితం కోసం మళ్లీ కొన్ని రోజులు ఆగాల్సి రావడం. యంత్రానికి రెండు నిమిషాలు చాలినా, మీ మొదటి అట్ట విషయం మీ చెవిన పడటానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. వేగంగా తూచే యంత్రాన్ని తెచ్చుకుని, అట్టను మాత్రం కొరియరు సంచిలో రోజుల తరబడి ఉంచుతున్నాం. ఈసారి నమూనా ఇచ్చేటప్పుడు, ఏ రోజు పంపుతారు, ఫలితం ఎవరికి ఫోను చేస్తారు అన్నవి రాయించుకుని, మీ నంబరు మీరే ఇవ్వండి.

ఆ రోజుల్లో పాపకు రెండు మూడు గంటలకొకసారి పాలు ఇవ్వండి, రాత్రి ఎక్కువసేపు నిద్రపోతే లేపి ఇవ్వండి. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లోని మాంసకృత్తులే కరిగి, నిలిచే నీరు పెరుగుతుంది, అందుకని పస్తు పాపకు శత్రువు. తల్లిపాలు మానమన్న ఆయన సలహా పాటించకండి. డబ్బాపాలలో మాంసకృత్తులు సాధారణంగా తల్లిపాలకంటే ఎక్కువే ఉంటాయి. జబ్బు నిర్ధారణ అయితే పాలను ఎంత తగ్గించాలి, ప్రత్యేక పాలపొడి ఎంత కలపాలి అన్నది ఆ జబ్బు తెలిసిన డాక్టరు గ్రాముల్లో లెక్కగట్టి చెప్పాల్సిన విషయం.

పాప పాలు తాగనన్నా, పదేపదే వాంతి చేసుకున్నా, మామూలు కంటే మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీసినా, ఒళ్లు చల్లబడినా, మూర్ఛ వచ్చినా రిపోర్టు కోసం గాని, మీ ఆయన షిఫ్టు దిగి రావడం కోసం గాని ఆగకుండా, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. 108కి ఫోను చేయండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదిలోపు శిశువుకు వైద్యం, రవాణా ఉచితంగా అందించాలని జననీ శిశు సురక్ష పథకం చెబుతోంది. మొదటి రిపోర్టు నకలుతో పాటు, "ఈ బిడ్డకు సీ3 ఎక్కువగా ఉంది, ఆర్గానిక్ అసిడీమియా అనుమానం, గ్లూకోజ్ డ్రిప్ వెంటనే మొదలుపెట్టి, షుగరు, బ్లడ్ గ్యాస్, అమ్మోనియా, మూత్రంలో కీటోన్లు చూడండి" అని ఒక కాగితం మీద మీ డాక్టరుతో రాయించి సంతకం చేయించుకుని పాప బట్టల సంచిలో పెట్టుకోండి. రాత్రి రెండు గంటలకు డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరుకు ఆ కాగితం చాలా పెద్ద సాయం.

నేరుగా విశాఖపట్నమో, హైదరాబాదో వెళ్లడం మరో దారి. పాప ఇంత బాగా ఉన్నప్పుడు, పచ్చి బాలింతరాలు అంతదూరం ప్రయాణం చేయాల్సిన పని నమూనాల కోసమైతే లేదు. రెండో రిపోర్టులో కూడా సీ3 అలాగే ఉండి, మూత్రంలో తేడా కనిపిస్తే మాత్రం వెళ్లాలి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద గుర్తింపు పొందిన కేంద్రంగా పనిచేస్తున్నాయి. ప్రత్యేక ఆహారంతో నెట్టుకురాగల జబ్బుల వర్గంలో ఆ విధానం ఈ రెండు అసిడీమియాలనూ చేర్చింది, గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయానికి వీలుంది. ఆస్తులు అమ్ముకోవాలేమోనన్న భయంతో మీవాళ్లు పరీక్షకే వెనకాడుతుంటే, ఈ సంగతి వారికి చెప్పండి.

మేనరికం గురించి అడిగారు. దాచకుండా చెబుతాను. ఈ జబ్బులు రావాలంటే బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యు ప్రతులు అందాలి. ఒక్క ప్రతి ఉన్నవారికి జీవితాంతం ఏమీ కాదు, తమలో అది ఉందని కూడా తెలియదు. మనందరిలోనూ ఏవో కొన్ని అలాంటి ప్రతులు ఉంటాయి. మీ నాయనమ్మ, మీ ఆయనకు అమ్మమ్మ, ఒకరే. ఆమెలోనో తాతగారిలోనో అలాంటి ప్రతి ఒకటి ఉంటే, అది మీ నాన్నగారి ద్వారా మీకూ, మీ అత్తగారి ద్వారా మీ ఆయనకూ చేరే అవకాశం ఉంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మీ వదిన, ఆమె భర్త కూడా అదే తాత, నాయనమ్మల సంతతే. అందువల్ల ఆ బాబు మరణం ఈ లెక్కలో ఒక ఆధారం కావచ్చు, కాకపోనూవచ్చు. మేనరికం ఈ అవకాశాన్ని పెంచుతుంది, అది నిజం. అయినా బంధుత్వం లేని దంపతులకూ ఈ జబ్బులతో బిడ్డలు పుడతారు, మేనరికం చేసుకున్నవారిలో ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన బిడ్డలే పుడతారు. ఎవరూ తప్పు చేయలేదు. జబ్బు తేలి, ఆ జన్యువులో మార్పు ఏదో దొరికితే, వచ్చే కాన్పులో పదకొండో వారం తర్వాత గర్భంలోనే పరీక్షించే వీలుంటుంది. అప్పుడు ఏం చేయాలన్నది మీ ఇద్దరి నిర్ణయం.

అత్తగారికి తెలియకుండా చేయించడం తప్పా అన్నారు. మీరు తల్లి, సంతకానికి మీ అధికారం చాలు, కాబట్టి అది తప్పు కాదు. పరీక్ష ఆగిపోవడం లేదా రహస్యంగా జరగడం అన్న రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే రహస్యంగానే చేయించండి అంటాను. కాని అలా చేస్తే, రిపోర్టు బాగుండని రోజున ఆమె ముందు రెండు వార్తలు ఒకేసారి పెట్టాల్సి వస్తుంది, జబ్బు ఒకటి, దాపరికం ఒకటి. పైగా ఇంజెక్షన్లయినా, రాత్రి లేచి పాలు పట్టడమైనా, పథ్యం మార్చడమైనా ఆమె చేయి కలవకుండా సాగేవి కావు. మీ అత్తగారి మాటల్లో నాకు వినిపించింది మొండితనం కన్నా భయం. ఆమె తన కూతురి బిడ్డను చేతుల్లో పోగొట్టుకున్న మనిషి. ఈ పరీక్ష నిజమైతే, తాను కుదిర్చిన రెండు పెళ్లిళ్లనూ లోకం వేలెత్తి చూపుతుందని ఆమె మనసులో ఉండవచ్చు. అందుకని జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. మీ పాదాల తిమ్మిర్లతో మొదలుపెట్టండి. "అత్తా, నా ఒంట్లో సత్తువ తక్కువైందేమోనని డాక్టరు అంటున్నారు, నాకూ పాపకూ కలిపి చూస్తారట, నువ్వూ రా" అనండి. అది అబద్ధం కాదు, నిజంలో ఆమె భరించగలిగిన సగం. మిగతా సగం డాక్టరు నోటి నుంచి విననివ్వండి. పథ్యంలో పాలు, పెరుగు కలపడానికి ఆమె ఒప్పుకుంటే ఇప్పటికి చాలు, నీసు తినాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఇంజెక్షన్లు, మాత్రలు ఆ లోటు తీర్చగలవు.

మీ ఆయనతో మాత్రం సూటిగా మాట్లాడండి. "నీ ఇష్టం" అన్న మాట మర్యాదగా ఉంటుంది గాని, బరువంతా మీ ఒక్కరి మీదే వేస్తుంది. ఆ ఉదయం సెలవు పెట్టి మీతో రమ్మనండి. జన్యు పరీక్ష అవసరపడితే ఆయన రక్తం కూడా కావాలి.

మీరు అతిగా భయపడుతున్నారని ఇంట్లో అంటున్నారని రాశారు. నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే తల్లి, తన ఇద్దరు పిల్లలూ ఎందుకు ఎదగడం లేదో, వారి నుంచి ఆ వింత వాసన ఎందుకు వస్తుందో ఏళ్ల తరబడి డాక్టర్లను అడుగుతూ తిరిగింది. చివరకు 1934లో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆ పిల్లల మూత్రాన్ని పరీక్షించి, ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బును కనుగొన్నాడు. గుత్రీ తన కాగితపు చుక్కతో మొదట వెతికింది ఆ జబ్బునే. మీ పాప మడమ మీది సూదిగుచ్చు అలా అడిగిన తల్లి దగ్గర మొదలైన పని.

ఇంకొక్క పని మిగిలింది, అది మీ వదిన దగ్గర. ఆ బాబు ఎన్నో రోజున పాలు మానేశాడు, వాంతులయ్యాయా, ఊపిరి ఎలా ఉంది, చివర్లో మగతగా ఉన్నాడా అని ఆమెను ఏకాంతంలో, ఆమె చెప్పదలచుకున్నంత వరకే అడగండి. ఆరేళ్లుగా ఆ బాబు గురించి ఆమెను ఎవరూ అడిగి ఉండరు, ఏడిస్తే ఏడవనివ్వండి. అప్పటి ఆసుపత్రి చీటీ ఏదైనా ఆమె పెట్టెలో దాచుకుని ఉంటే, నకలు తీయించుకుని, మీరు విజయనగరం వెళ్లే రోజున పాప రిపోర్టుతో పాటు డాక్టరుకు ఇవ్వండి.